తప్పిన లెక్కకు తోడున్న గొంతు

1989వ సంవత్సరం జూన్ నెల పన్నెండవ తేదీ, సోమవారం ఉదయం, మోహోళ్ తాలూకాలోని భీమాతీర్ శిక్షణ మండలి ప్రాథమిక పాఠశాలలో శ్రీమతి ఇందుమతీ విఠ్ఠల్ కాళదాతేగారు సహాయోపాధ్యాయినిగా బాధ్యతలు స్వీకరించారు. అప్పటికి వారి వయస్సు ఇరవై రెండేళ్ళు. భుజాన ఒక గుడ్డసంచి, అందులో రెండు జొన్న భాకరీలు, వేరుశెనగ చట్నీ, ఒక పలక తప్ప మరేమీ తెచ్చుకోలేదని ఆనాటి ప్రధానోపాధ్యాయులు చెప్పేవారు. ఆ తర్వాత ఎన్నో సంచులు చిరిగాయి, ఎన్నో ఊళ్ళు మారాయి. పలక మాత్రం ఇప్పటికీ వారి బల్లమీదే ఉంది.

ఈ మే నెల ముప్పై ఒకటవ తేదీన బాయీగారు పదవీ విరమణ చేస్తున్నారు. మా షోలాపూర్ ప్రాంతంలో ఉపాధ్యాయినిని బాయీ అనే పిలుస్తాం, ఇన్నేళ్ళు అలవాటు పడిన నోటితో మరోలా సంబోధించడం మా వల్ల కాదు. సరిగ్గా అదే రోజున, పదిహేనేళ్ళుగా మూడు జిల్లాల పిల్లల చేత ఎక్కాలు వల్లెవేయించి, లెక్కలతో ఆడించిన ‘పరవచా’ అనే మా ఆన్‌లైన్ గణిత సాధన కేంద్రం కూడా మూతపడుతోంది. అందులో పిల్లలను పలకరించే గొంతు బాయీగారిదే. ఒకే రోజున మనిషికీ, ఆ మనిషి గొంతుకీ వీడ్కోలు చెప్పవలసి వచ్చింది. అభినందన సంచికలో దుఃఖం రాయకూడదంటారు. రాయకుండా ఉండటం మాకు చేతకాలేదు, పెద్దలు మన్నించాలి.

బాయీగారి బాల్యం కరమాళాలో, తాతగారి ఒడిలో గడిచింది. దీపం పెట్టే వేళకు కాళ్ళు కడుక్కుని వచ్చి, తాతగారి ముందు బాసింపట్టు వేసుకుని, ‘బే ఏకే బే, బే దుణే చార్’ అంటూ రెండో ఎక్కం మొదలుకొని ముప్ఫయ్యో ఎక్కం దాకా, ఆ పైన పావు, అర, ముప్పావు ఎక్కాలతో సహా అప్పజెప్పాలి. దీన్నే మావాళ్ళు పరవచా అంటారు. మనవరాలు సరిగ్గా చెబుతున్నంతసేపూ తాతగారు కళ్ళు మూసుకుని ‘ఊఁ’ కొట్టేవారు, అంతే. ఎక్కడైనా తడబడితే మాత్రం కళ్ళు తెరిచి, వీపుమీద చెయ్యి వేసి, మాట్లాడేవారు. ఒప్పుకు ‘ఊఁ’, తప్పుకు మాట. ఈ పద్ధతి బాయీగారికి ఉగ్గుపాలతో అబ్బింది, వారి జీవితంలోని అతి గొప్ప పనికీ, వారే తమదని ఒప్పుకున్న అతి పెద్ద పొరపాటుకీ ఇదే మూలమైంది.

మోహోళ్‌లో తొమ్మిదేళ్ళు, పిదప మాఢాలో ఏడేళ్ళు, అనంతరం షోలాపూర్ నగరంలోని శిక్షణ విభాగంలో, వారి ఉద్యోగ జీవితం మూడు మజిలీలుగా సాగింది. గుణకారం చెప్పడానికి షోలాపూర్ దుప్పటి పరిచి, నిలువు గళ్ళెన్నో అడ్డు గళ్ళెన్నో పిల్లల చేత లెక్కించడం, చింతపిక్కలు గుప్పిట పట్టి సరియా బేసియా అని పందెం వేయించడం, బస్సు టిక్కెట్టుమీది అంకెలను కూడి తొమ్మిది వచ్చినవాడికి కిటికీ సీటు ఇప్పించడం వంటి వింత పద్ధతులతో వారు సాధించిన ఫలితాలు తనిఖీ అధికారులను సైతం ఆశ్చర్యపరిచాయి. ఒక అధికారి మాత్రం, ‘ఇది బడా, జూదశాలా?’ అని అడిగారట. ‘ఇక్కడ ఓడినవాళ్ళు ఏడవరండీ, అదొక్కటే తేడా’ అని బాయీగారు జవాబిచ్చారట.

2010వ సంవత్సరం జూన్‌లో ‘పరవచా’ ప్రారంభమైంది. కంప్యూటరు పనంతా మా విభాగంలోని దత్తాత్రేయ ఘోంగడేది, పాఠం, ఆట, మాట బాయీగారివి. ముందుగా బయటి నగరం నుంచి స్పష్టమైన గొంతున్న ఒకరిని రప్పించి ఎక్కాలు చదివించారు. వార్తలు చదివినట్టున్న ఆ చదువు విని పిల్లలు బెదిరిపోయారు. దాంతో బాయీగారే పూనుకున్నారు. చుట్టుపక్కల మగ్గాల చప్పుడు వినపడకుండా నెత్తిన దుప్పటి కప్పుకుని, చెమటలు కక్కుతూ, ఒక్కో వాక్యం చెప్పి రికార్డు చేయించారు. అయితే అప్పట్లో మా ఇంటర్నెట్టు నత్తనడక నడిచేది, ప్రతి జవాబుకూ మాట పెడితే బండి కదలదని దత్తా తేల్చి చెప్పాడు. బాయీగారు అరనిమిషం కూడా ఆలోచించలేదు.

“ఒప్పు చెప్పినవాడికి మాటెందుకురా? ఓ గంట కొట్టు చాలు. తప్పినవాడికే కదా మనిషి కావాలి” అన్నారు.

ఆ విధంగా సరైన జవాబుకు చిన్న గంట, తప్పు జవాబుకు బాయీగారి గొంతు ఖాయమయ్యాయి. ‘అలా కాదు బాళా. తొందరేం లేదు. మళ్ళీ చూద్దాం రా.’ బాళా అంటే మావైపు బిడ్డా అని. ఈ మూడు ముక్కలు విని పెరిగిన పిల్లలు ఈనాడు మా జిల్లాలో ఇంజనీర్లు, నర్సులు, కండక్టర్లు అయి ఉన్నారు.

వారి వ్యక్తిత్వాన్ని తెలిపే ఒక సంఘటనను, అందులో పాత్రధారిణి అయిన ఉజ్వలగారి అనుమతితో, ఇక్కడ వివరిస్తున్నాం. 2012 జనవరిలో దత్తా నెలవారీ లెక్కలు తిరగేస్తూ పగలబడి నవ్వాడు. చక్కెర కర్మాగారం పక్కన, చెరుకు కొట్టడానికి వలస వచ్చిన కుటుంబాల పిల్లల కోసం మా మండలి నడిపే రేకుల షెడ్డు బడిలో రెండు కంప్యూటర్లు ఉండేవి. అక్కడి పిల్లలకు పిట్టల పేర్లతో ఖాతాలు ఇచ్చాం. ‘చిమణీ 31’, అంటే పిచ్చుక ముప్పై ఒకటి, అనే ఖాతా చూసే దత్తా నవ్వింది.

“బాయీ, ఈ పిట్టకీ లెక్కలకీ ఆమడ దూరం. ఆరొందల నలభై లెక్కలు చేసింది. ఒక్కటంటే ఒక్కటి ఒప్పు లేదు. కళ్ళు మూసుకుని కొట్టినా పదో పరకో తగలాలి కదండీ!”

బాయీగారు కళ్ళద్దాలు పెట్టుకుని ఆ జాబితా చూశారు. ఏడెనిమిదులు యాభై ఏడు. తొమ్మిదార్లు యాభై ఐదు. పన్నెండు నాల్గులు నలభై తొమ్మిది. నవ్వుతున్న దత్తా భుజంమీద ఒక్కటి చరిచారు.

“నవ్వకురా సన్నాసీ. అన్నిటికీ ఒకటే ఎక్కువేసింది, చూశావా? ఇలా తప్పాలంటే అన్ని ఒప్పులూ వచ్చి ఉండాలి.”

మరుసటి రోజే బస్సెక్కి వెళ్ళారు. షెడ్డులో పదేళ్ళ పిల్ల ఒకతె చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఒళ్ళో తమ్ముణ్ణి పడుకోబెట్టుకుని కూర్చుంది. బాయీగారు పక్కన చేరి కాసేపు ఊరికే చూశారు. పిల్ల తప్పు జవాబు కొట్టడం, కళ్ళు మూసుకుని వినడం, మళ్ళీ తప్పు కొట్టడం. చివరికి హెడ్‌ఫోన్లు తీయించి అడిగారు.

“ఏడెనిమిదులెంత?”

“యాభై ఆరు” అంది పిల్ల, తడుముకోకుండా.

“మరి యాభై ఏడని కొట్టావేం?”

“ఒప్పు కొడితే గంట మోగుద్ది, అంతే. తప్పు కొడితేనే లోపలి బాయి మాట్లాడుద్ది.”

“ఇంట్లో ఎవరూ మాట్లాడరా నీతో?”

“అమ్మ పోయిందిగా పోయినేడు. నాన్న చీకటితోనే చెరుకులోకి పోతాడు, వచ్చి పడుకుంటాడు. వీడికింకా మాటలు రాలేదు.” పిల్ల ఆగి, బాయీగారి ముఖంలోకి తల వాల్చి చూసింది. “మీరు లోపలి బాయిలాగే మాట్లాడుతున్నారే?”

ఆ పిల్లే ఉజ్వల. ఆ రోజు బాయీగారు తిరిగివచ్చి, సంచి బల్లమీద పెట్టి, అందరి ముందూ ఏడ్చారు. “తప్పు ఆ పిల్లది కాదురా, నాది. మా తాత ‘ఊఁ’ కొట్టినా చాలేది, ఎందుకంటే మనిషి ఎదురుగా ఉండేవాడు. ఈ పెట్టెలో మనిషేడీ? వచ్చిన పిల్లకి గంట కొట్టి పొమ్మన్నాను. మాట కోసం ఒక పసిది, వచ్చిన లెక్కలన్నీ రానట్టు నటించింది” అన్నారు. తప్పు ఒప్పుకున్న ఉద్యోగులను మేము చూశాం, సంజాయిషీ రాసినవారినీ చూశాం. ఒక గంట చప్పుడు కోసం అంతగా కుమిలిపోయినవారిని మాత్రం అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

మరుసటి నెలంతా వారు మళ్ళీ దుప్పటి కప్పుకున్నారు. ఒప్పుకు కూడా మాటలు చెప్పారు, అన్నీ కలిపి నాలుగు వందల పన్నెండు వాక్యాలు. ‘అబ్బో, ఇది నాకే రాదు.’ ‘తిన్నావా బాళా? తిని వచ్చి ఇంకో పది చేద్దాం.’ ‘ఇవాళ ఎండగా ఉంది, నీళ్ళు తాగు.’ లెక్కల మధ్య నీళ్ళ ప్రస్తావన ఏమిటని మండలి సమావేశంలో ఎవరో ఆక్షేపించారు, దాహం వేసిన పిల్లకు గుణకారం రాదని బాయీగారు బదులిచ్చారు. మార్చి నుంచి చిమణీ 31 జవాబులన్నీ ఒప్పులే. ఏటా చెరుకు కోతల కాలంలో ఆ పిట్ట వచ్చి వాలేది, మొదట షెడ్డులో, తర్వాత తండ్రి ఫోనులో. భిన్నాలు దాటింది, బీజగణితంలో అడుగు పెట్టింది.

2016 ఫిబ్రవరిలో ఆగిపోయింది. బాయీగారు వాకబు చేయించారు. చెరుకు కోతలో కొడవలికి ఒక జంటను లెక్కపెడతారు, ఒంటరి మనిషికి పని దొరకదు. పద్నాలుగేళ్ళ ఉజ్వలకు పెళ్ళి చేసి కొత్త జంటను పొలంలోకి పంపారు. ఈ వార్త విన్న బాయీగారు పోలీసు ఠాణాకూ, కార్యాలయాలకూ తిరిగారు, ఆ కుటుంబం అప్పటికే సరిహద్దు దాటి కర్ణాటక వైపు వెళ్ళిపోయిందని తెలిసి ఊరుకున్నారు. ఊరుకున్నారని మేము అనుకున్నాం. ఏడాదిపాటు వాడని ఖాతాలను జూన్‌లో తీసివేయడం మా నియమం, చిమణీ 31 మాత్రం ఏ జూన్‌లోనూ పోలేదు. ఏటా మే నెలాఖరున ఎవరో అందులోకి వెళ్ళి ఒకే ఒక్క లెక్క చేసేవారు. జవాబు ఒకటి ఎక్కువ. దత్తాకు విషయం తెలుసు, ఎవరికీ చెప్పలేదు.

2022లో బాయీగారికి గొంతులో కంతి ఏర్పడింది. అది స్వరనాడిని చుట్టుకుని ఉండటంతో, ప్రాణం నిలపడానికి వైద్యులు నాడిని వదులుకోవలసి వచ్చింది. ముప్పై మూడేళ్ళు తరగతి చివరి బెంచీదాకా వినిపించిన కంఠం ఆ విధంగా మూగబోయింది. నెల తిరగకుండా విధులలో చేరారు. తొలినాటి పలక అప్పుడే మళ్ళీ చేతిలోకి వచ్చింది, చెప్పదలచుకున్నది దానిమీద రాసి చూపేవారు. దత్తా హాస్యమాడి, “ఇప్పుడు బాయీ తిట్టినా చెరిపేయొచ్చు” అంటే, వారు పలక తిప్పి ‘గాడిద’ అని రాసి, చెరపకుండా సాయంత్రందాకా అలాగే నిలబెట్టారు. అందరం నవ్వాం. ఆ ఏడాది మే నెలాఖరున, తలుపు వేసుకుని, చిమణీ 31లో బాయీగారు ఒక లెక్క కాదు, నలభై లెక్కలు తప్పు చేశారని దత్తా తర్వాత చెప్పాడు. ఆ రోజు వారు వినాలనుకున్నది ఎవరి గొంతో చెప్పనక్కరలేదు.

గత నవంబరులో, ‘పరవచా’ స్థానంలో ఒక కొత్త వేదిక తేవాలని మండలి నిర్ణయించింది. అది వేగవంతమైనది, రంగురంగులది, యంత్రస్వరంతో ఎక్కాలు చదువుతుంది. తప్పు జవాబుకు ఎర్ర గుర్తు పడి, ‘టుంగ్’ మంటుంది. పదవీ విరమణ సందర్భంగా శాలువా, శ్రీఫలమనే కొబ్బరికాయ కాక బాయీగారికి ఇంకేమి కావాలో చెప్పమని మండలి సంచాలకులవారు సహృదయంతో అడిగారు. బాయీగారు పలకమీద ఒక్క పంక్తి రాశారు: ‘తప్పుకు మాట ఉంచండి.’ రెండు సమావేశాలలో చర్చించి, కొత్త వేదికలో అది సాధ్యపడదని మండలి తెలియజేసింది. సంచాలకులవారు ఈ సంచిక చదువుతారని తెలిసే ఇది రాస్తున్నాం. ఆ సమావేశాలలో మేమూ ఉన్నాం, అందరితోపాటు తలలు ఊపాం. నింద ఒక్కరిది కాదు. నాలుగు వందల పన్నెండు వాక్యాలనూ దత్తా ఒక పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇవ్వబోతే బాయీగారు నవ్వి పలక చూపారు. ‘ఇందులో ఎవరు తప్పు చేస్తారు, ఇవి పలకడానికి?’

ఈ జనవరి ఇరవయ్యవ తేదీ మధ్యాహ్నం, భోజనాలయ్యాక, దత్తా తన గదిలోనుంచే కేక వేశాడు.

“బాయీ, ఈసారి మీ లెక్క తప్పిందండోయ్! మే నెలదాకా ఆగలేకపోయారా? రెండు మూళ్ళు ఐదంటున్నారు, రెండు నాల్గులు రెండంటున్నారు!”

బాయీగారు గబగబా లేచి వెళ్ళారు. పలకమీద ‘నేను కాదు’ అని రాశారు. తెరమీద చిమణీ 31 అప్పటికప్పుడు లెక్కలు చేస్తోంది. జవాబులు ఒకటి ఎక్కువ కావు. మూడు తక్కువ, ఏడు ఎక్కువ, ఒకచోట ఖాళీ. అన్నీ నిజమైన తప్పులు, కొత్తగా నేర్చుకునే పసిచేతి తప్పులు. ఖాతాతో వచ్చిన ఫోన్ నంబరుకు దత్తా డయల్ చేసి, అందరికీ వినబడేలా బల్లమీద పెట్టాడు.

“ఎవరండీ?” అంది ఒక ఆడగొంతు. వెనకాల చెరుకు బళ్ళ చప్పుడు.

“పరవచా నుంచి మాట్లాడుతున్నానమ్మా. మీరు ఉజ్వలేనా?”

“నా పేరు మీకెట్టా తెలుసు? మా ఓవీ ఆడుకుంటోంది. ఏడేళ్ళండి. నా పాత పిట్ట పేరు కొట్టి చూశా, తెరుచుకుంది. తీసెయ్యరనుకోలేదు. ఏం తప్పయిందా?”

“తప్పేం లేదు తల్లీ. బాయీ ఇక్కడే ఉన్నారు, నా పక్కనే.”

“బాయీనా! లోపలి బాయీనా? బాయీ, నేను ఉజ్వలని! షెడ్డులో వచ్చారే... బాయీ? మాట్లాడరేం?”

బాయీగారు రెండు చేతులతో పలక పట్టుకుని నిలబడి ఉన్నారు. పెదవులు కదిలాయి. దత్తా ఫోనుమీదికి వంగాడు.

“బాయీకి గొంతు పోయిందమ్మా. మూడేళ్ళయింది.”

“ఎవరు చెప్పారు పోయిందని? ఇక్కడ రోజూ మాట్లాడుతోందిగా. ఓవీని ఇప్పుడే నీళ్ళు తాగమంది.”

ఆ గదిలో ఉన్నవాళ్ళం నలుగురం, ఎవరి ముఖం ఎవరూ చూసుకోలేదు. బాయీగారు పలకమీద రాసి దత్తా ముందు పెట్టారు: ‘మే 31 తర్వాత మాట్లాడదని చెప్పు.’ దత్తా తల అడ్డంగా ఊపాడు. బాయీగారు ఆ పంక్తి కింద గీత గీశారు, అబద్ధం చెప్పి పిల్లలను నమ్మించడం వారి పద్ధతి కాదు. దత్తా తడబడుతూ చెప్పాడు.

అంతలో అవతల, ఫోను రాకతో ఆగిన లెక్కలోనే ఉన్న ఓవీ అరుపు వినిపించింది. “అమ్మా, రెండు మూళ్ళు ఎనిమిదా?”

ఉజ్వల ఫోను చెవి దగ్గరే పెట్టుకుని పిల్లవైపు తిరిగినట్టుంది. ఆమె అన్న మాటలు మాకు స్పష్టంగా వినబడ్డాయి. “అలా కాదు బాళా. తొందరేం లేదు. మళ్ళీ చూద్దాం రా.” అవే మాటలు, ఎక్కడ ఆగాలో అక్కడే ఆగుతూ. బాయీగారు తమ గొంతును ఆ విధంగా మరొకరి నోట విని, పలకను చీరకొంగుతో తుడిచి, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

ఈ సంచిక మీ చేతికి వచ్చేనాటికి ‘పరవచా’కు మిగిలినవి కొన్ని గంటలే. పరవచాలో పెరిగినవారందరూ వచ్చి బాయీగారిని సత్కరిస్తారని, వారి భర్త విఠ్ఠల్‌రావుగారు, పిల్లలు వేదికమీద వారి పక్కన కూర్చుంటారని ఆహ్వానపత్రికలో ఉంది. చెరుకు కోతలు ముగిశాయి కనుక తానూ వస్తానని ఉజ్వలగారు కబురు పంపారు. ఓవీకి ఐదో ఎక్కం దాకా వచ్చిందట.

బాయీగారు ఆయురారోగ్యాలతో, పిల్లాపాపలతో, మనశ్శాంతితో చిరకాలం వర్ధిల్లాలని మా విభాగమంతా మనసారా కోరుకుంటోంది. ఇటువంటి చోట నిండు నూరేళ్ళు అని రాయడం ఒప్పు. మేము మాత్రం, కావాలనే, నూట ఒక్క ఏళ్ళని రాస్తున్నాం. ఒకటి ఎక్కువ వేసి చేసిన ఈ తప్పుకు, బాయీ, మీరు మాతో ఒక్కసారి మాట్లాడాలి.